సరే అన్నవారి సంఖ్య

చరిత్రకారులు యుద్ధాలు రాస్తారు, సంధులు రాస్తారు, ఏ రాజు ఏ గుర్రం మీంచి పడి పోయాడో కూడా రాస్తారు. ఒక సామాన్యురాలి చూపుడువేలు మొదటిసారి "వద్దు" అనే బటన్ మీద ఎప్పుడు వాలిందో మాత్రం ఎవరూ రాయరు. ఇది చరిత్రకి జరిగిన అన్యాయం. పౌర గ్రంథాలయంలో పాతపత్రికల విభాగం చూసే ఆవిడ విషయంలో ఒక యుగం ముగిసి మరో యుగం మొదలైంది సరిగ్గా అక్కడే.

ఆ రోజు ఆవిడ ఆసుపత్రి వెబ్‌సైటులో భర్త మరణ ధ్రువీకరణ పత్రం ఎలా తెచ్చుకోవాలో వెతుకుతోంది. పేజీ తెరుచుకోగానే అడుగునుంచి ఒక పెట్టె లేచింది. మీ అనుభవాన్ని మరింత ఆహ్లాదకరంగా మలిచేందుకు మేము కుకీలు వాడుకోవచ్చా అని అడిగింది. ఆవిడ ఆ వాక్యాన్ని రెండోసారి కూడా చదివింది. తన అనుభవం గురించి ఆసుపత్రి ఇంత తాపత్రయపడుతున్నందుకు కోపం రావాలి, రాలేదు. నవ్వైనా రావాలి, అదీ రాలేదు. "వద్దు" నొక్కింది. పెట్టె మారుమాట లేకుండా దిగిపోయింది.

చెప్పగానే అంత మర్యాదగా దిగిపోయింది ఆ నెల మొత్తంలో అదొక్కటే.

ఆ తరవాత కరెంటు ఆఫీసు పెట్టె అడిగింది, వద్దంది. బ్యాంకు అడిగింది, వద్దంది. వాతావరణ శాఖ, చెప్పుల దుకాణం, పళ్ళ డాక్టరు, అందరూ అడిగారు. అందరికీ ఒకే జవాబు. అలవాటు ముదిరి తెర దాటి బయటికి వచ్చింది. ఆఫీసులో టీ తాగుతారా అంటే వద్దండి. సినిమాకి వస్తారా అంటే వద్దండి. అక్క ఫోన్ చేసేది.

"ఆదివారం మా ఇంటికి రావే."

"వద్దులే అక్కా."

"పోనీ నేనే రానా?"

"ఎందుకులే, వద్దు."

"అసలు నీకేం కావాలో చెప్పి చావు."

"ఏం వద్దక్కా."

"నీతో మాట్లాడే బదులు గోడతో మాట్లాడితే నయమే. గోడ కనీసం వస్తానన్నవాళ్ళని రావద్దనదు."

దీన్ని దుఃఖం అనడానికి ఆవిడ దగ్గర తగిన ఆధారాలు లేవు. ఏడుపు రావడం లేదు. నిద్ర పడుతోంది. తిండి సహిస్తోంది. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎలా ఉంటుందో అలా ఉంది, అంతే. అక్కడ ఉందని తెలుసు, తనదేనని తెలుసు. గిల్లి చూసుకుంటే మాత్రం పక్కింటివాళ్ళని గిల్లినట్టు ఉంటుంది.

ఆవిడ పనికి ఇది అడ్డు రాలేదు. నిజానికి కలిసొచ్చింది. గ్రంథాలయం మూడో అంతస్తులో, ఎండ తగలకుండా కిటికీలకి నల్లగుడ్డ కట్టిన గదిలో, అట్టలు కట్టిన పాత వార్తాపత్రికలు ఉంటాయి. ఒక్కో సంపుటం ఎత్తి బల్ల మీద పరిచి, పేజీ చదునుగా ఉండేందుకు పైన గాజుపలక పెట్టి, స్టాండుకి బిగించిన కెమెరాతో ఫొటో తీసి వెబ్‌సైటులో పెట్టడం ఆవిడ ఉద్యోగం. ఎప్పటివో వరదలు, ఎవరివో పెళ్ళిళ్ళు, ఏనాడో తగ్గిన ఉల్లిపాయల ధర. దేనికీ ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేదు. కూర్చోవడానికి ఒక స్టూలు ఉంది, దానికి వీపు లేదు. వీపున్న కుర్చీ ఇప్పించమని ఆవిడ చేరిన కొత్తలో అడిగింది. పరిశీలనలో ఉందన్నారు. గ్రంథాలయం దేన్నైనా చాలా లోతుగా పరిశీలిస్తుంది.

ఇలా ఉండగా కొత్త చట్టం వచ్చింది. ప్రతి ప్రజాసంస్థ వెబ్‌సైటూ, చూడవచ్చినవాళ్ళని ముందు అడిగి తీరాలి. గ్రంథాలయంలో దీనికి గోప్యతాధికారి అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. తన సొంత ఫోన్ నంబరు భార్యకి కూడా ఆలోచించే ఇచ్చాడని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆయన మెట్లెక్కి మూడో అంతస్తుకి వచ్చాడు.

"బయట అందరూ ఏం చేస్తున్నారో చూశారా మేడమ్? 'సరే' అన్నది పెద్దగా, పచ్చగా, పెళ్ళిపందిరిలా పెడతారు. 'వద్దు' అన్నది దొడ్డిగుమ్మంలా ఎక్కడో వెనకాల. మనది ప్రజల సంస్థ. మనం నిజం చెప్పాలి. రోజూ పాత పేపర్లు చదువుతారు, మీ భాష బావుంటుంది. మీరే రాయండి."

ఇది ఆవిడ వద్దనడానికి వీల్లేని రకం. రాసింది:

"ఈ వెబ్‌సైటు మీ కంప్యూటరులో కుకీలనే చిన్న గుర్తులు ఉంచాలనుకుంటోంది. కొన్ని లేకపోతే సైటు నడవదు. వాటి గురించి మిమ్మల్ని అడగటం లేదు, ఉంచేస్తున్నాం. మిగతావి మీరు ఏం చూశారో, ఎంతసేపు చూశారో మాకు చెబుతాయి. మీ పేరు చెప్పవు. వద్దంటే మీకు ఏ నష్టమూ లేదు. మాకు కొంచెం ఉంటుంది, దాని గురించి మీరు బెంగ పెట్టుకోవద్దు. తొందరేం లేదు, ఆలోచించుకునే నొక్కండి."

కింద ఒకే కొలతలో రెండు బటన్లు. మొదట "వద్దు", తరవాత "సరే".

గోప్యతాధికారి చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత నిజాయితీగా అడిగితే ఎవరు ఒప్పుకుంటారమ్మా?"

"ఎవరూ ఒప్పుకోరు సార్."

"అదీ!" అన్నాడాయన, జీవితం ధన్యమైనట్టు.

జనం ఒప్పుకోలేదు. ఇంత మర్యాదగా వద్దనే అవకాశం వాళ్ళకి బహుశా ఇంకెక్కడా దొరికి ఉండదు. వరస కట్టి వద్దన్నారు. ఇతర సంస్థలవాళ్ళు వచ్చి ఆ పెట్టె చూసి తలలూపి వెళ్ళారు. గోప్యతాధికారి ఆ యేడంతా కొంచెం నిటారుగా నడిచాడు.

ఈ ఘనవిజయంలో ఒక చిన్న చిక్కు ఉంది. వెబ్‌సైటుకి ఎవరు వచ్చారో లెక్క చెప్పేవి ఆ కుకీలే. సరే అన్నవాళ్ళు మాత్రమే లెక్కలోకి వస్తారు. వద్దన్నవాళ్ళు వచ్చి రోజంతా చదువుకున్నా రానట్టే. అది న్యాయమే, వాళ్ళు కోరుకున్నదీ అదే. అయితే ఆ యేడే గ్రంథాలయానికి కొత్త డైరెక్టరు వచ్చాడు. ఆయనకి అంకెలంటే ప్రాణం. ఏ విభాగాన్ని ఎంతమంది చూస్తున్నారో లెక్క తీసి, చూడనివాటిని మూసేస్తానని వచ్చీ రాగానే ప్రకటించాడు. సందర్శకులు తమని లెక్కపెట్టవద్దనే హక్కు ఒక గదిలోంచి, లెక్కకి రాని విభాగాలని మూసేయాలనే నిర్ణయం పక్కగదిలోంచి వెలువడ్డాయి. ఆ రెండు గదుల మధ్య గోడ గట్టిది.

సమావేశంలో వెబ్‌సైటు ఇంజనీరు లెక్కలు గోడమీద వేసి చూపించాడు. పిల్లల కథల విభాగానికి జనం విరగబడ్డారు.

"చూశారా!" అన్నాడు డైరెక్టరు. "పఠనాసక్తి ఎక్కడుందో చూశారా!"

"పిల్లలు కనిపించిందల్లా నొక్కుతారు సార్," అన్నాడు ఇంజనీరు మెల్లిగా. డైరెక్టరు వినలేదు.

"తరవాతది?"

"పాతపత్రికలు సార్. ఒకటి."

"ఒకటంటే? వెయ్యా?"

"కాదు సార్. ఒకరు. మనిషి."

బల్లచుట్టూ నవ్వులు లేచాయి. ఆవిడ కూడా మర్యాదకి పెదవులు కదిపింది. విభాగం మూస్తే సంపుటాలు నేలమాళిగకి పోతాయి, తను కిందకి పోతుంది. గుమ్మం దగ్గర సంచులు పుచ్చుకుని టోకెన్లు ఇచ్చే కౌంటరు ఒకటి ఖాళీగా ఉందని డైరెక్టరు అంతకుముందే చెప్పాడు. ఇన్నేళ్ళ పని ఇలా పోతోందని తెలిసినా, ఆ సంగతి కూడా ఎవరో పక్కింటావిడకి జరుగుతున్నట్టే ఉంది.

"ఎవరయ్యా ఆ మహానుభావుడు?"

"పేరు తెలీదు సార్. తెలీదని పెట్టెలో రాశాం కదా. కాకపోతే రోజూ వస్తారు. ఉదయం తొమ్మిది దాటాక తెరుస్తారు, సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. అక్షరాలు అన్నిటికంటే పెద్ద సైజులో పెట్టుకున్నారు. కంప్యూటరు చాలా పాతది, ఈ ఊళ్ళో అలాంటిది ఇంకా నడుస్తోందంటే ఆశ్చర్యమే. వేరే ఏం చూడరు సార్. ఒకటే పేజీ."

"ఏం పేజీ?"

ఇంజనీరు పేజీ గోడమీద వేశాడు. నది మీద వంతెన తెరిచిన రోజు వార్త. జనం, తోరణం, కొత్త బస్సు. ఆ పేజీ తీసింది తనే. ఆవిడ దాన్ని చూడలేదు. పక్కనే చిన్న అక్షరాల్లో, ఆ పేజీ ఎక్కణ్ణుంచి తెరుస్తున్నారో చెప్పే పేటపేరు చూసింది. అది తనుండే పేట. తొమ్మిదికి తను ఇల్లు కదులుతుంది. భోజనాల బల్ల చివర ఆ పాత కంప్యూటరు తన భర్తది. ఇంట్లో ఉండేది తనూ, మావగారూ.

కుకీలు పేరు చెప్పవని తనే రాసింది, అవి చెప్పలేదు. పేరు తప్ప మిగతాదంతా చెప్పాయి.

"వచ్చేవారం నిర్ణయం తీసుకుందాం," అన్నాడు డైరెక్టరు. బయటికొచ్చాక ఇంజనీరు ఆవిడ పక్కన నడుస్తూ గొంతు తగ్గించాడు.

"మేడమ్, మీ చుట్టాలచేత, స్నేహితులచేత ఓ పదిమందిచేత సరే నొక్కించండి. ఇంకెవరికీ చెప్పకండి, నేనన్నానని."

"వద్దండి," అంది ఆవిడ. అలవాటు కొద్దీ.

మావగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో కూడా నిలబడి పేపరు చదివేటప్పుడు ఒక చేత్తో తలుపు పట్టుకుంటారు. కొడుకు పోయాక ఆయనా కోడలూ ఒకరికొకరు చాలా తక్కువ ఖర్చులో బతకడం నేర్చుకున్నారు. సాయంత్రం గుమ్మంలో సంభాషణ ఇలా ఉంటుంది:

"తిన్నారా మావయ్యగారూ?"

"తిన్నానమ్మా. నువ్వు?"

"తిన్నాను."

"రైట్," అంటారాయన. అక్కడితో ఆ రోజు బస్సు కదిలిపోతుంది.

ఆ సాయంత్రం బస్సు కదల్లేదు. ఆవిడ చెప్పులు విప్పి, కంప్యూటరు ముందు ఆయన కూర్చున్న కుర్చీ దగ్గర నిలబడింది. చెప్పకుండా ఉండొచ్చు. చెబితే ఆయన సిగ్గుపడి "వద్దు" నొక్కితే ఆ ఒక్కటీ పోయి సున్నా వస్తుంది. సున్నాతో డైరెక్టరుకి ఆలోచించే పని కూడా ఉండదు. కానీ ఆలోచించుకునే నొక్కండని ఊరందరికీ రాసినావిడ, ఇంట్లో ఉన్న ఒక్క మనిషికీ చెప్పకపోతే బావుండదు.

"మావయ్యగారూ, లైబ్రరీ సైటులో అడుగున ఒక పెట్టె వస్తుంది, చూశారా?"

"చూశాను. సరే అన్నాను."

"ఎందుకన్నారు?"

"నువ్వడిగితే వద్దంటానా?"

"నేనెక్కడడిగాను?"

"నువ్వు రాసిందేగా అది. 'తొందరేం లేదు, ఆలోచించుకునే' అనుంది చివర్న. వాడు చొక్కా కొనుక్కోడానికెళ్ళినా, ఇల్లు మారదామన్నా నువ్వనే మాటే అది. ఇంకెవరు రాస్తారమ్మా ఆఫీసువాళ్ళలో అలాగ?"

ఆవిడ సంస్థ తరఫున మాట్లాడే గొంతు తెచ్చుకుంది. "అది నేను అడిగినట్టు కాదు మావయ్యగారూ, లైబ్రరీ అడిగినట్టు. సరే అంటే మీరేం చూశారో వాళ్ళకి తెలుస్తుంది. ఇవాళ మీటింగులో గోడమీద వేశారు. పేరు లేదు. కానీ నాకు తెలిసిపోయింది."

"ఏ పేజీయో కూడానా?"

"ఊఁ."

ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఎంతమంది చూశారు?"

"బల్లచుట్టూ అందరూ."

"నవ్వారా?"

"పేజీకి నవ్వలేదు. ఒక్కరే చూస్తున్నారని నవ్వారు."

"అది ఫరవాలేదు. ఖాళీ బస్సుని చూసి నవ్వేవాళ్ళని చాలామందిని చూశాను."

ఆవిడ పేజీ అడుగుకి తీసుకెళ్ళి "నా నిర్ణయం మార్చుకుంటాను" అన్న చోటు చూపించింది. "ఇక్కడ నొక్కితే మళ్ళీ అడుగుతుంది. అప్పుడు వద్దనొచ్చు. మీకేం నష్టం లేదు." విభాగం మూసేస్తారన్న సంగతి చెప్పలేదు. చెబితే ఆయన జాలిపడి సరే అంటారు, అది ఆలోచించుకుని నొక్కినట్టు కాదు.

"నువ్వేం నొక్కావు?" అన్నారాయన.

"వద్దు."

"నీ సైటుకి నువ్వే వద్దన్నావా?"

"ఊఁ."

ఆయన భుజాలు కదిలాయి. దగ్గేమో అనుకుంది. నవ్వు. ఈ ఇంట్లో ఆ చప్పుడు విని చాలాకాలమైంది కనక గుర్తుపట్టడం ఆలస్యమైంది. "డ్రైవరే బస్సెక్కనంటే ఎలాగమ్మా!"

నవ్వు ఆగాక ఆయన తెరమీద వేలు పెట్టారు. తోరణం కింద కొత్త బస్సు, బస్సు మెట్టు మీద యూనిఫారంలో ఒక పడుచు కండక్టరు, జుట్టు నల్లగా.

"ఇది నేను. ఈ భుజం మీద చూడు. ఈ కాలు కనిపిస్తోందా? చెప్పు జారిపోతున్న కాలు. అది వాడిది. మూడో యేడు. వంతెన చూపించమని ప్రాణం తీస్తే ఎక్కించుకున్నాను."

కాలు నిజంగానే ఉంది. దానిపైన పేజీ మడత. సంపుటం కుట్టిన చోట కాగితం లోపలికి ముడుచుకుపోయి, కాలు తప్ప మిగతా పిల్లాడంతా ఆ మడతలోకి పోయాడు.

"మిగతాది రాలేదు," అన్నారాయన, ఎవరినీ తప్పుపట్టకుండా. "జరుగుతుందేమోనని రోజూ చూస్తాను. తెరమీద మడత జరగదని తెలుసులే."

"రైట్" అనలేదు. లేచి లోపలికి వెళ్ళారు.

మర్నాడు ఆవిడ ఆ సంపుటం దించింది. అట్టలు కట్టిన సంపుటాన్ని ఒక పేజీ కోసం మళ్ళీ ఫొటో తీయడం ఆ విభాగంలో లేని పద్ధతి; ఒకసారి తీసిందంటే తీసినట్టే. ఆ తప్పు ఆవిడ ఏ బెరుకూ లేకుండా చేసింది. సంపుటాన్ని రెండు చెక్కదిమ్మల మధ్య కొంచెం విడదీసి, కుట్టు తెగకుండా మడత లోపలికి పలచని బద్ద పోనిచ్చి, కొద్దికొద్దిగా పైకి లేవదీసింది. మోకాలు వచ్చింది. నిక్కరు వచ్చింది. తండ్రి జుట్టు పట్టుకున్న పిడికిలి వచ్చింది. గాజుపలక మెల్లిగా దించింది. మెడ వచ్చింది, చెవి వచ్చింది.

మొహం లేదు. కెమెరా నొక్కిన క్షణంలో పిల్లాడు అటు తిరిగి ఉన్నాడు. నదివైపో, పడవవైపో, ఫొటోలో లేని మరిదేనివైపో చూస్తున్నాడు. ఉన్నది తల వెనకభాగం. నడినెత్తిన ఎంత దువ్వినా కుదరని సుడి, పైకి లేచి. ఆవిడకి ఆ సుడి బాగా తెలుసు. చాలా యేళ్ళు దాన్ని తడి చేత్తో అణచింది, అది చాలా యేళ్ళు లేచింది.

వీపు లేని స్టూలు మీద కూర్చుని ఆవిడ తనని తాను గిల్లి చూసుకోలేదు. ఫొటో తీసింది, పాతదాని చోట కొత్తది పెట్టింది, సంపుటం అలమరలో పెట్టింది. చేతులు కడుక్కుంది.

పేజీ సరిగా వచ్చిందో లేదో చూడాలి. ఆఫీసు కంప్యూటర్లలో ఆ పెట్టె రాదు కనక, బయటివాళ్ళకి ఎలా కనిపిస్తుందో తన ఫోనులోనే చూడాలి. తెరిచింది. వద్దన్నవాళ్ళని కూడా కొన్నాళ్ళకి మళ్ళీ అడిగే ఏర్పాటు ఉంది. అడుగునుంచి పెట్టె లేచింది. తను రాసిన మాటల్ని మొదటిసారి, రాసినావిడగా కాక, ఎవరో తనని అడుగుతున్నట్టు చదివింది. తొందరేం లేదు, ఆలోచించుకునే నొక్కండి.

చరిత్రకారులు ఇక్కడ మళ్ళీ గైర్హాజరు. నల్లగుడ్డ కట్టిన గదిలో, సాక్షులెవరూ లేకుండా, ఒక మహాయుగం ముగిసింది. చూపుడువేలు అలవాటైన చోటు దాకా వెళ్ళి, ఒక అంగుళం పక్కకి జరిగింది. "సరే" నొక్కింది. పెట్టె ఎప్పటిలాగే మర్యాదగా దిగిపోయింది. దానికి రెండూ ఒకటే.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి మావగారు కంప్యూటరు ముందు, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అటు తిరిగాడమ్మా, వెధవ," అన్నారు.

"ఊఁ. సుడి చూశారా?"

"చూశాను." బల్ల అంచు వదిలి, "తిన్నావా?"

"లేదు. మీరు?"

"లేదు."

"రండి, తిందాం," అంది ఆవిడ. అంతకుమించి ఏమీ జరగలేదు. పెట్టెలో ఏం నొక్కారని ఆయన్ని అడగలేదు. అడగకూడదని తనే రాసిన నియమం ఏదో ఉన్నట్టు అనిపించింది.

వచ్చేవారం సమావేశంలో ఇంజనీరు గోడమీద లెక్కలు వేశాడు. పిల్లల కథలకి జనం ఇంకా పెరిగారు. పాతపత్రికల దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"రెండు సార్."

ఆయన వద్దనలేదన్నమాట. ఆవిడ బల్లమీద చేతులవైపు చూసుకుంది. చెంపలో సూదిమందు ప్రభావం తగ్గుతున్నప్పుడు మొదట ఒక మూల చురుక్కుమంటుంది. అలాంటిదేదో ఒక మూల ఉంది.

"ఒకటి నుంచి రెండు," అన్నాడు డైరెక్టరు, అంకెల ముందు ఉండాల్సిన గౌరవంతో. "అంటే వృద్ధి ఎంత?"

"వంద శాతం సార్."

"వంద శాతం! ఏ విభాగానికైనా వచ్చిందా ఇంత?"

"రాలేదు సార్."

డైరెక్టరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. గోప్యతాధికారి కొట్టాడు. బల్లచుట్టూ అందరూ కొట్టారు. ఇంజనీరు ఆవిడవైపు చూసి కనుబొమలెగరేశాడు. ఆవిడ నిలబడాలో వద్దో తెలియక సగం లేచింది. అభినందన తీర్మానం రాసుకున్నారు, ఆమోదించారు.

తరవాతి అంశంగా విభాగాన్ని మూసేశారు. సంచుల కౌంటరు దగ్గర కుర్చీకి వీపు ఉంది.